పాత కంప్యూటర్లో ఎమ్యులేటర్ నత్తనడక: తప్పు ర్యాముది కాదు

వేరే యంత్రం కోసం రాసిన ఆటల్నీ ప్రోగ్రాముల్నీ మన కంప్యూటర్లో నడిపే ప్రోగ్రామే ఎమ్యులేటర్. అది మెల్లగా నడుస్తోందని ఎవరితో అన్నా మొదట వచ్చే సలహా ర్యామ్ పెంచమని. రెండోది ఎస్ఎస్‌డీ వేయించమని. ఆ పైన బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయమని, గేమ్ బూస్టర్ ఏదైనా పెట్టుకోమని, టెంప్ ఫోల్డర్ ఖాళీ చేయమని. ప్లేస్టేషన్ 2 ఆటని 70 శాతం వేగంతో ఈడ్చుకొస్తున్న మెషీన్లో ఈ అయిదూ చేసి చూడండి. ఆ 70 చాలా వరకు అక్కడే ఉంటుంది. ర్యామ్ విషయంలో ఒక మెలిక ఉంది, అది తర్వాత చెప్తాను. మిగతావన్నీ మామూలు కంప్యూటర్‌కి చేసే వైద్యాన్ని తెచ్చి ఎమ్యులేటర్‌కి అంటించడమే.

పాత కంప్యూటర్లో ఎమ్యులేటర్‌ని వెనక్కి లాగేవి ముఖ్యంగా మూడు: ఒక్క కోరు (ప్రాసెసర్లో విడిగా లెక్కలు చేసే భాగం) వేగం, గ్రాఫిక్స్ చిప్ మీద పడే పిక్సెళ్ల బరువు, వేడి. మీ మెషీన్లో ఈ మూడింటిలో ఏది అడ్డుపడుతోందో తేల్చుకోకుండా మార్చిన సెట్టింగ్ ప్రతిదీ దండగ. తేల్చుకోవడానికి పట్టేది పది నిమిషాలు. దాని గురించే ఈ వ్యాసమంతా.

పాత కంప్యూటర్ అంటే ఎంత పాతదో ముందే చెప్పుకోవాలి. ఆఫీసుల నుంచి వెనక్కి వచ్చి సెకండ్‌హ్యాండ్ షాపుల్లో దొరికే 2012 నాటి ల్యాప్‌టాప్‌ని కొలబద్దగా తీసుకుంటున్నాను: ఇంటెల్ ఐ5-3320ఎం ప్రాసెసర్, హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్, డీడీఆర్3 ర్యామ్. అంతకన్నా వెనకటి కోర్ 2 డ్యువో డెస్క్‌టాప్‌ల సంగతి కూడా అక్కడక్కడా వస్తుంది.

ఒక్క కోరే ఎందుకు

ప్లేస్టేషన్ 2లో ఉన్నది ఒక్క ప్రాసెసర్ కాదు. 294 మెగాహెర్ట్జ్ ఎమోషన్ ఇంజిన్, దానికి అతుక్కుని రెండు వెక్టర్ యూనిట్లు, డిస్కూ కంట్రోలర్లూ చూసుకునే ఇంకో చిన్న ప్రాసెసర్, సౌండ్ చిప్, బొమ్మ గీసే గ్రాఫిక్స్ సింథసైజర్. ఇవన్నీ ఒకదానికోసం ఒకటి కాచుకుంటూ, ఒకే తాళానికి నడుస్తాయి. ఎమోషన్ ఇంజిన్ మాట్లాడేది మిప్స్ కుటుంబపు భాష, మన కంప్యూటర్‌కి తెలిసింది ఎక్స్86. ఎమ్యులేటర్ ఆట నడుస్తుండగానే ఆ కోడ్‌ని ముక్కలు ముక్కలుగా ఎక్స్86లోకి తిరగరాసి, దాచుకుని, మళ్లీ అదే ముక్క వచ్చినప్పుడు దాచిందే వాడుతుంది. తిరగరాయకుండా ఒక్కో ఆదేశాన్నీ అప్పటికప్పుడు చదివి అమలు చేసే పద్ధతి కూడా ఉంది, దాన్ని ఇంటర్‌ప్రెటర్ అంటారు. అది ఎన్నో రెట్లు నెమ్మది. ఏ ఎమ్యులేటర్ సెట్టింగుల్లోనైనా సీపీయూ దగ్గర ఇంటర్‌ప్రెటర్ అని కనిపిస్తే, వేరే ఏదీ ముట్టుకోకముందు దాన్ని రీకంపైలర్ లేదా జిట్‌కి, అంటే పైన చెప్పిన తిరగరాసే పద్ధతికి, మార్చండి. ఎవరో వీడియోలో చెప్పారని దాన్ని ఎంచుకుని, ఆ తర్వాత వేగం కోసం ఊరంతా వెతికేవాళ్లు తక్కువేం కాదు.

ఒకే తాళానికి నడిచే పనిని పది కోర్లకు పంచలేం. ప్లేస్టేషన్ 2 ఎమ్యులేటరైన పీసీఎస్ఎక్స్2లో బరువు మోసే దారాలు (థ్రెడ్లు, అంటే పక్కపక్కనే నడిచే పనులు) మూడు: ఎమోషన్ ఇంజిన్‌ది ఒకటి, గ్రాఫిక్స్‌ది ఒకటి, ఎంటీవీయూ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే రెండో వెక్టర్ యూనిట్‌ది ఒకటి. అందుకే తక్కువ గడియార వేగంతో నడిచే ఎనిమిది కోర్ల పాత సర్వర్ ప్రాసెసర్ కన్నా, 3 గిగాహెర్ట్జ్ దాటి నడిచే రెండు కోర్ల ఐ5 ఇక్కడ మెరుగు. సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు షాపతను కోర్ల లెక్క చెప్తాడు. మీరు అడగాల్సింది ఒక్క కోరు ఎంత వేగంగా నడుస్తుందని, ఏ తరానిదని.

ముందు కొలవండి

కొలిచేటప్పుడు ఎక్కువమంది చూసేది ఎఫ్‌పీఎస్ (సెకనుకు గీసే బొమ్మల లెక్క) అంకె. అది మోసం చేస్తుంది. సోనీ చేతి గేమ్ మెషీన్ పీఎస్‌పీ ఆటలు చాలావరకు అసలు మెషీన్ మీదే సెకనుకు 30 బొమ్మలు గీసేవి. దాని ఎమ్యులేటర్ పీపీఎస్ఎస్‌పీపీలో 30/60 అని కనిపిస్తే ఆట నెమ్మదిగా ఉన్నట్టు కాదు, సరిగ్గా ఉండాల్సినట్టే ఉంది. యూరప్‌లో అమ్మిన ప్లేస్టేషన్ 2 డిస్కు 50 దగ్గర ఆగుతుంది, అదీ సరైనదే. చూడాల్సింది వేగం శాతం. 100 ఉంటే పని అయిపోయినట్టే, ఇక అంకెల వెంట పడక్కర్లేదు.

శాతం 100 కన్నా కింద ఉంటే, ఆటలో బాగా నెమ్మదించే చోట స్టేట్ సేవ్ (ఆ క్షణంలో ఆట ఉన్న స్థితిని దాచడం) చేసుకోండి. ప్రతి పరీక్షా అదే చోట నుంచి మొదలవ్వాలి, లేకపోతే పోలికకు అర్థం ఉండదు. ఇప్పుడు గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఇంటర్నల్ రెజల్యూషన్‌ని 1ఎక్స్‌కి, అంటే అసలు కన్సోల్ సైజుకి దించండి. కిటికీని చిన్నది చేస్తే చాలదు, లోపల గీసే బొమ్మ సైజు మారాలి. అదే స్టేట్ లోడ్ చేయండి. వేగం ఒక్కసారిగా ఎగబాకితే అడ్డం గ్రాఫిక్స్ చిప్. కదలకపోతే అడ్డం ప్రాసెసర్. ఈ ఒక్క పరీక్ష పీసీఎస్ఎక్స్2, డాల్ఫిన్ (నింటెండో గేమ్‌క్యూబ్, వీ ఎమ్యులేటర్), పీపీఎస్ఎస్‌పీపీ, అన్నిట్లోనూ పనిచేస్తుంది.

పీసీఎస్ఎక్స్2 ఇంకా వివరంగా చెప్తుంది. ఆన్-స్క్రీన్ డిస్‌ప్లే సెట్టింగుల్లో వేగం శాతం, సీపీయూ వాడకం, జీపీయూ వాడకం మూడూ ఆన్ చేస్తే మూలన ఈఈ (ఎమోషన్ ఇంజిన్), జీఎస్ (గ్రాఫిక్స్ దారం), వీయూ (వెక్టర్ యూనిట్), జీపీయూ (మన గ్రాఫిక్స్ చిప్) అని వరసగా శాతాలు కనిపిస్తాయి. ఈఈ 95 దాటి, జీపీయూ 40 దగ్గర ఉంటే రెజల్యూషన్ తగ్గించినా పెద్దగా లాభం లేదు. జీపీయూ 100కి అంటుకుని ఈఈ 50లో ఉంటే ప్రాసెసర్ సెట్టింగులు ఎన్ని మార్చినా వ్యర్థం. జీఎస్ ఎక్కువగా ఉండి జీపీయూ తక్కువగా ఉంటే డ్రైవర్ దగ్గర ఇరుక్కుంటోందని అనుమానించి, రెండరర్ (బొమ్మ గీయడానికి వాడే పద్ధతి) మార్చి చూడాలి.

టాస్క్ మేనేజర్లో మొత్తం సీపీయూ 45 శాతం అని చూసి ప్రాసెసర్ ఖాళీగా ఉందనుకోవద్దు. ఐ5-3320ఎంలో విండోస్‌కి కనిపించే నాలుగు లాజికల్ కోర్లలో ఒకటి పూర్తిగా నలిగిపోతే మొత్తం లెక్కలో అది 25 శాతమే.

వేడి, చార్జరు, 99 శాతం సలహా

ప్రాసెసర్ అడ్డమని తేలితే సెట్టింగుల జోలికి పోకముందు చూడాల్సింది, ఆ ప్రాసెసర్ తన పూర్తి వేగంతో నడుస్తోందా అని. ఐ5-3320ఎం మామూలు వేగం 2.6 గిగాహెర్ట్జ్, టర్బోలో, అంటే వేడీ కరెంటూ అనుమతించినంతసేపు తనంతట తాను పెంచుకునే వేగంలో, 3.3. పదేళ్ల దుమ్ము పట్టిన హీట్‌సింక్‌తో, ఎండిపోయిన థర్మల్ పేస్ట్‌తో అది ఆట మొదలైన కాసేపటికే టర్బో వదిలేస్తుంది, ఇంకా వేడెక్కితే 2 కిందికీ దిగుతుంది. మొదటి అయిదు నిమిషాలు బాగా నడిచి ఆ తర్వాత సౌండ్ తెగడం మొదలైతే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టుకుని ఆట నడుపుతూ కోర్ల వేగం, ఉష్ణోగ్రత చూడండి. థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) వరసలో ఎస్ (అవును) అని పడితే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. మన వేసవిలో, గది లోపలే 38 డిగ్రీలున్నప్పుడు, చలికాలంలో బాగా నడిచిన ఆట కూడా కూలబడుతుంది.

శుభ్రం చేయడం పెద్ద విద్య కాదు గానీ తొందర పనికిరాదు. చార్జర్ తీసి, బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. ఫ్యాన్ రెక్కలు కదలకుండా వేలితో ఆపి, గాలి వెళ్లే రేకుల మధ్య బ్రష్‌తో దుమ్ము తీయండి. ఆపకుండా బ్లోయర్ కొడితే ఫ్యాన్ తన వేగం మించి తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. అసలు దుమ్ము ఫ్యాన్ మీద ఉండదు, ఫ్యానుకీ రాగి రేకులకీ మధ్య దుప్పటిలా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ విప్పకపోతే అది కనపడదు. పాత పేస్ట్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బియ్యపు గింజంత పెట్టి, ల్యాప్‌టాప్ చిప్ మీద మూతలాంటి లోహపు రేకు ఉండదు కాబట్టి చిప్ అంతటా పలచగా పరవండి. హీట్‌సింక్ స్క్రూల పక్కన అంకెలుంటాయి. ఆ వరసలో, ఒక్కోటీ కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలకు వెళ్తే చిప్ అంచు విరిగే ప్రమాదం ఉంది, విరగకపోయినా ఒకవైపు ఖాళీ మిగులుతుంది. మెత్తటి థర్మల్ ప్యాడ్ ఉన్న చోట పేస్ట్ పూయొద్దు, ఆ ఖాళీని పేస్ట్ నింపలేదు.

వేడి తగ్గించడానికి ఇంకో సలహా బాగా తిరుగుతుంది: పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 99 శాతం చేయమని. వినడానికి ఒక్క శాతమే పోయినట్టుంటుంది. ఈ తరం ఇంటెల్ ప్రాసెసర్లలో అది టర్బోని పూర్తిగా ఆపేస్తుంది. 3.3 కాస్తా 2.6 అవుతుంది, అంటే అయిదో వంతు వేగం పోయింది. ఆఫీసు పనికి మంచి సలహానే, ఎమ్యులేటర్‌కి ఇంతకన్నా చెడ్డది ఉండదు. పవర్ ప్లాన్ హై పర్ఫార్మెన్స్‌లో, ఆ అంకె 100లో ఉండాలి, చార్జర్ తగిలించి ఉండాలి.

చార్జర్ అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. డెల్ ల్యాప్‌టాప్‌లు చార్జర్ మధ్య పిన్ను ద్వారా అది ఎన్ని వాట్లదో అడుగుతాయి. జవాబు రాకపోతే, అంటే చవక చార్జరైనా, అసలుదే పిన్ను విరిగినదైనా, బూట్ అయ్యేటప్పుడు ఎడాప్టర్ రకం తెలియలేదని హెచ్చరించి, బ్యాటరీ చార్జింగ్ ఆపి, ప్రాసెసర్‌ని బాగా తక్కువ వేగానికి కట్టేస్తాయి. ఆ హెచ్చరికని రోజూ ఎఫ్1 నొక్కి దాటేస్తూ, ఎమ్యులేటర్ ఎందుకు నడవట్లేదని సెట్టింగులు వెతకడం దండగమారి పని. ముందు చార్జర్ మార్చండి.

ర్యామ్ మెలిక

ఇందాక దాటేసిన మాట ఇది. ప్లేస్టేషన్ 2 ప్రధాన ర్యామ్ 32 ఎంబీ. ఎమ్యులేటర్ తన అవసరాలన్నీ కలుపుకున్నా, టెక్స్చర్ ప్యాకులు (బొమ్మల నాణ్యత పెంచే అదనపు ఫైళ్లు) వేయనంతవరకు, రెండు మూడు జీబీలు మించి అడగడం అరుదు. 8 జీబీ ఉన్నవాళ్లు 16 చేస్తే ఒరిగేదేమీ లేదు.

కానీ హెచ్‌డీ 4000కి సొంత మెమరీ లేదు, సిస్టమ్ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకే స్టిక్ ఉంటే డీడీఆర్3-1600 ఇచ్చేది సెకనుకు 12.8 జీబీ. రెండు స్లాట్లలో రెండు స్టిక్కులుంటే 25.6. ప్రాసెసరూ గ్రాఫిక్సూ ఆ ఒక్క దారిలోనే తోసుకుంటున్నప్పుడు రెండో స్టిక్ నిజంగా తేడా చూపిస్తుంది. కాబట్టి ఒక 8 జీబీ స్టిక్ కన్నా రెండు 4 జీబీ స్టిక్కులు మేలు. పాత డీడీఆర్3 స్టిక్కులు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లాంటి చోట్ల ఇంకా దొరుకుతాయి. కొనేటప్పుడు ఉన్న స్టిక్ వేగమే అడగండి, 1333దీ 1600దీ కలిపితే రెండూ 1333కి దిగుతాయి. పాత స్టిక్ 1.35 వోల్టులదా 1.5 వోల్టులదా అన్నదీ లేబుల్ మీద చూసుకోండి. జీపీయూ అడ్డమని పరీక్షలో తేలితేనే ఈ ఖర్చు పెట్టండి.

ఎస్ఎస్‌డీ సంగతి ఇంకా తేలిక. ప్లేస్టేషన్ 2 డీవీడీని చదివేది 4ఎక్స్ వేగంతో, అంటే సెకనుకు అయిదున్నర ఎంబీ. అలసిపోయిన హార్డ్ డిస్క్ కూడా అంతకు పది రెట్లు ఇస్తుంది. ఎస్ఎస్‌డీ వేస్తే విండోస్‌కి ప్రాణం లేచొస్తుంది, ఆట వేగం పెరగదు.

కొత్త వర్షన్ ఎప్పుడూ మంచిదేనా

పీసీఎస్ఎక్స్2కి 2020 మేలో 1.6.0 వచ్చింది, 2024 జూలైలో 2.0 వచ్చింది. 1.6.0 32-బిట్ ప్రోగ్రాము, ప్లగిన్లతో నడిచేది, ఎస్ఎస్ఈ2 అనే ఆదేశాల గుంపు ఉన్న ప్రాసెసర్ చాలు. 2.0 పూర్తిగా 64-బిట్, ఎస్ఎస్ఈ 4.1 లేనిదే తెరుచుకోదు. 65 నానోమీటర్ల కోర్ 2 డ్యువోల్లో, అంటే ఈ6000 వరసలో, ఎస్ఎస్ఈ 4.1 లేదు. ఈ7500 లాంటి 45 నానోమీటర్లవాటిలో ఉంది. ఏఎండీ ఫీనమ్ 2లో ఎస్ఎస్ఈ4ఏ అని వేరే ఏదో ఉంది, పేరు చూసి మోసపోవద్దు, అది 4.1 కాదు. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిస్తే ఇన్‌స్ట్రక్షన్స్ వరసలో అసలు సంగతి కనిపిస్తుంది.

ఎస్ఎస్ఈ 4.1 ఉన్నవాళ్లు పాత వర్షన్‌కి వెళ్లమనే సలహా వినక్కర్లేదు. పాతది తేలిక అన్న భ్రమ చాలామందిలో ఉంది. 2.0లో ఒక్కో ఆటకు కావలసిన మరమ్మతులు దానంతటదే వేసుకుంటుంది, 1.6లో అవి చాలావరకు మీరే వెతికి పెట్టాలి. కోర్ 2 డ్యువోలో మాత్రం ఏది తెరుచుకున్నా ఫలితం ఒకటే: తేలికపాటి 2డీ ఆటలు నడుస్తాయి, బరువైన 3డీ ఆటలు నడవవు. ఆ మెషీన్ని పీఎస్‌పీకీ, ప్లేస్టేషన్ 1కీ, అంతకు ముందువాటికీ ఉంచుకోండి.

పాత ఎమ్యులేటర్ నిజంగా గెలిచేది ఇంకోచోట, సూపర్ నింటెండోలో. దాని ప్రాసెసర్ 3.58 మెగాహెర్ట్జ్. దాన్ని తు.చ. తప్పకుండా అనుకరించాలని పుట్టిన బీస్నెస్ ఎమ్యులేటర్‌కి 3 గిగాహెర్ట్జ్ తరహా ప్రాసెసర్ కావాల్సి వచ్చింది. అదే పనిని చాలావరకు అసెంబ్లీలో రాసిన జెడ్‌స్నెస్ పెంటియం రోజుల్లోనే చేసేసింది, ఎన్నో చోట్ల ఉజ్జాయింపుతో. కచ్చితత్వానికి వెల ఉంది, దాన్ని ప్రాసెసర్ కడుతుంది. ఎన్నో ఎమ్యులేటర్లని ఒకేచోట నడిపే రెట్రోఆర్క్‌లో బలహీనమైన మెషీన్‌కి స్నెస్9ఎక్స్ చాలు. అదీ బరువైతే స్నెస్9ఎక్స్ 2010, ఇంకా తేలిక కావాలంటే 2005 ప్లస్. నింటెండో 64కి, వల్కన్ (గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడే పద్ధతుల్లో ఒకటి) ఉంటే తప్ప నడవని ప్యారలెల్-ఆర్‌డీపీ హెచ్‌డీ 4000 మీద విండోస్‌లో అసలు కుదరదు. ఆ చిప్‌కి విండోస్‌లో వల్కన్ డ్రైవరే లేదు. గ్లైడెన్64 వాడుకోండి.

రెట్రోఆర్క్‌లో ఇంకో రెండు దొంగలున్నాయి: రన్-అహెడ్, రివైండ్. మొదటిది బటన్ ఆలస్యం తగ్గించడానికి ఒకే ఫ్రేముని మళ్లీ మళ్లీ నడుపుతుంది, రెండోది వెనక్కి తిప్పడానికి క్షణక్షణం స్టేట్ దాచుకుంటూ పోతుంది. రెండూ ఆపేయండి. బొమ్మని పాత టీవీలా చూపించే భారీ షేడర్లు (గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రాములు) కూడా.

సెట్టింగుల్లో ఏది నిజం, ఏది కనికట్టు

పీసీఎస్ఎక్స్2లో రెండరర్‌ని హెచ్‌డీ 4000 మీద విండోస్‌లో డైరెక్ట్3డీ 11కి పెట్టండి. ఇంటెల్ పాత ఓపెన్‌జీఎల్ డ్రైవర్ విండోస్‌లో బలహీనం. లినక్స్‌లో కథ తిరగబడుతుంది, అక్కడ మెసా డ్రైవర్లు ఓపెన్‌జీఎల్‌ని చక్కగా నడుపుతాయి. జీపీయూ అడ్డమైతే ఇంటర్నల్ రెజల్యూషన్ 1ఎక్స్, బ్లెండింగ్ ఆక్యురసీ బేసిక్, అదీ చాలకపోతే మినిమమ్. 2ఎక్స్ అంటే రెట్టింపు పని కాదు, పొడవూ వెడల్పూ రెండూ రెట్టింపై నాలుగింతల పిక్సెళ్లు. వైడ్‌స్క్రీన్ ప్యాచ్ పర్లేదు, 60 ఎఫ్‌పీఎస్ ప్యాచ్ మాత్రం ప్రాసెసర్ పనిని దాదాపు రెట్టింపు చేస్తుంది. పాత మెషీన్లో దానికి చోటు లేదు.

ప్రాసెసర్ అడ్డమైతే ఎంటీవీయూ. మూడు దారాలకి మూడు కోర్లు, కనీసం హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోరు విండోస్‌కి రెండుగా కనిపించే ఏర్పాటు) ఉన్న రెండు కోర్లు ఉంటేనే దానివల్ల లాభం. హైపర్‌థ్రెడింగ్ లేని రెండు కోర్ల మీద దారాలు తోసుకోవడంతో కొన్నిసార్లు ఉన్న వేగమూ పోతుంది. తర్వాత ఈఈ సైకిల్ రేట్. దాన్ని 75 శాతానికి దించితే ఎమోషన్ ఇంజిన్ 221 మెగాహెర్ట్జ్‌దని ఆటకి అబద్ధం చెప్పినట్టు. ప్రతి ఫ్రేములోనూ పని ముందే ముగించి ఖాళీగా కూర్చునే ఆటలకి ఇది వరం. ఖాళీ లేని ఆటల్లో వేగం 100 చూపిస్తూనే బొమ్మ తడబడుతుంది. 75 దగ్గర పరీక్షించి, బాగుంటే ఉంచుకోండి, 50కి వెళ్లకండి.

ఈఈ సైకిల్ స్కిప్ నాకు నచ్చని సెట్టింగ్. శాతం అందంగా 100కి ఎక్కుతుంది, ఆట మాత్రం లోపల ఫ్రేములు వదిలేస్తూ పోతుంది. మనం వేగం కొలిచే కొలబద్దనే వంచేసి వేగం పెరిగిందని సంతోషపడటం అది. మైల్డ్ దాటి ఎప్పుడూ పెట్టొద్దు. ఏ మార్పైనా ఆ ఆట ప్రాపర్టీస్‌లోనే చేయండి, మొత్తం సెట్టింగుల్లో కాదు. ఒక ఆటకి వేసిన మందు ఇంకో ఆటని పడుకోబెడుతుంది.

ఒక చిన్న చిక్కు: ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఒకే చిప్‌లో ఉంటాయి, 35 వాట్లని పంచుకుంటాయి. గ్రాఫిక్స్ బరువు తగ్గిస్తే మిగిలిన కరెంటు ప్రాసెసర్ టర్బోకి దొరుకుతుంది. అందుకని రెజల్యూషన్ పరీక్షలో వేగం కొద్దిగా, అయిదారు శాతం మాత్రమే పెరిగితే దాన్ని జీపీయూ అడ్డంగా లెక్కేయకండి.

పీపీఎస్ఎస్‌పీపీకి ఇంత తలనొప్పి అక్కర్లేదు. పీఎస్‌పీ తెర 480×272, ఐ5-3320ఎం మీద 2ఎక్స్ చాలా ఆటలకి ఆడుతూ పాడుతూ నడుస్తుంది. నెమ్మదిస్తే 1ఎక్స్, ఆ తర్వాత ఫ్రేమ్ స్కిప్ 1. స్కిప్ బఫర్ ఎఫెక్ట్స్ వేగం పెంచుతుంది గానీ చాలా ఆటల్లో బొమ్మని పాడుచేస్తుంది, ఆఖరి మెట్టుగా ఉంచుకోండి. డాల్ఫిన్‌లో మెత్తగా నడుస్తూ మధ్యమధ్య టక్కున ఆగడం కనిపిస్తే అది వేగం సమస్య కాదు, షేడర్లు అప్పటికప్పుడు తయారవడం. హైబ్రిడ్ ఉబర్‌షేడర్లు ఈ గ్రాఫిక్స్ చిప్‌కి మోయలేని బరువు. స్కిప్ డ్రాయింగ్ పెట్టుకుంటే కొన్ని వస్తువులు అరక్షణం ఆలస్యంగా కనిపిస్తాయి, ఆట ఆగదు.

సౌండ్ చిటపటలాడితే సౌండ్ సెట్టింగుల్లో వెతకొద్దు. వేగం 100 కన్నా తగ్గినప్పుడు సౌండ్‌కి సరుకు అందక తెగుతుంది. బఫర్ పెంచితే అప్పుడప్పుడూ వచ్చే తెగుళ్లు కప్పబడతాయి, 85 శాతం దగ్గర నడిచే ఆటకి ఏ బఫరూ చాలదు.

డాస్‌బాక్స్: ఎక్కువ వేగమూ తప్పే

మన ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో టర్బో సీ, 8086 అసెంబ్లర్ పాత డాస్ ప్రోగ్రాముల ఎమ్యులేటర్ డాస్‌బాక్స్‌లోనే నడుస్తుంటాయి కాబట్టి ఇది చాలామందికి పనికొస్తుంది. సైకిల్స్ (వేగాన్ని నిర్ణయించే అంకె) మ్యాక్స్ అని పెడితే డాస్‌బాక్స్ ఒక కోరుని పూర్తిగా మింగి ఫ్యాన్‌ని హోరెత్తిస్తుంది, లోపల నడిచేది నాలుగు లైన్ల ప్రోగ్రామైనా సరే. కాన్ఫిగరేషన్ ఫైల్లో కోర్‌ని డైనమిక్, సైకిల్స్‌ని 10000 దగ్గర స్థిరంగా పెట్టండి. కంట్రోల్‌తో ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది, ఎఫ్11తో తగ్గుతుంది. పెంచుతూ పోతే ఒకచోట సౌండ్ తెగుతుంది, మీ ప్రాసెసర్ హద్దు అదే, అక్కణ్నుంచి రెండు మెట్లు దిగండి. టర్బో పాస్కల్‌లో చేసిన పాత ప్రోగ్రాములు రన్‌టైమ్ ఎర్రర్ 200 అని చచ్చిపోతుంటే అది మెషీన్ మరీ వేగంగా ఉండటం వల్ల: ఆలస్యాన్ని లెక్కకట్టే చోట అంకె పొంగి భాగహారం పేలుతుంది. సైకిల్స్ తగ్గిస్తే పోతుంది.

వర్చువలైజేషన్ ఎవరికి

బయోస్‌లో వీటీ-ఎక్స్ (ఇంటెల్ వర్చువలైజేషన్) ఆన్ చేయడం పీసీఎస్ఎక్స్2కి, పీపీఎస్ఎస్‌పీపీకి, డాల్ఫిన్‌కి రవ్వంత కూడా ఉపయోగపడదు. అవి వేరే ప్రాసెసర్ భాషని తిరగరాస్తున్నాయి, వీటీ-ఎక్స్‌కి అక్కడ పనే లేదు. ఉపయోగం ఎక్స్86 మీద ఎక్స్86నే నడిపేవాటికి: వర్చువల్‌బాక్స్, బ్లూస్టాక్స్, ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్. అక్కడ మాత్రం అదే ప్రాణం. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉండాలి.

అది ఆన్‌లో ఉన్నా వర్చువల్‌బాక్స్ ఈడుస్తుంటే, కిటికీ అడుగు పట్టీలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉందేమో చూడండి. అది హాస్యం కాదు. విండోస్ సొంత వర్చువలైజేషన్ హైపర్-వీ ముందే వీటీ-ఎక్స్‌ని ఆక్రమించింది, వర్చువల్‌బాక్స్ దాని చేతుల మీదుగా నడవాల్సి వస్తోందని అర్థం. విండోస్ ఫీచర్స్ జాబితాలో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్, శాండ్‌బాక్స్ టిక్కులు తీసేయండి. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆపి రీస్టార్ట్ చేయండి. లినక్స్ సబ్‌సిస్టమ్ రెండో వర్షన్ వాడేవాళ్లకి ఇది కుదరదు, దానికి అదే వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ కావాలి. మెమరీ ఇంటెగ్రిటీ ఆపితే రక్షణలో ఒక పొర పోతుందని గుర్తుంచుకోండి.

ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్లకి నాలుగు లాజికల్ కోర్లలో రెండు, 8 జీబీలో 2 నుంచి 3 జీబీ, 960×540 రెజల్యూషన్ ఇవ్వండి. అన్నీ దానికే ఇచ్చేస్తే విండోస్ ఊపిరాడక, దాంతోపాటు ఎమ్యులేటరూ ఆగుతుంది. ఆర్మ్ ప్రాసెసర్ కోసమే కట్టిన యాప్‌లు లోపల మళ్లీ అనువాదమవుతాయి, అవి నెమ్మదే, దానికి సెట్టింగ్ లేదు. యాప్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటున్న విద్యార్థులైతే ఈ తంటా మానేసి ఫోనే తగిలించుకోండి: సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేస్తే చాలు.

ఇక డీటీపీ సెంటర్ల అవసరం. పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో కట్టిన పాత పుస్తకాల ఫైళ్లు తెరవడానికి విండోస్ ఎక్స్‌పీని దాచుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. దాన్ని వర్చువల్‌బాక్స్‌లో పెట్టుకుంటే పాత ఐ5 మీద అసలు మెషీన్‌కి దగ్గరి వేగంతోనే నడుస్తుంది. ఒక కోరు, 512 ఎంబీ ర్యామ్, 10 జీబీ స్థిర సైజు డిస్కు ఫైలు, ఐడీఈ కంట్రోలర్. ఎక్స్‌పీకి సాటా డ్రైవర్ సొంతంగా లేదు కాబట్టి ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు వేరే కంట్రోలర్ పెడితే డిస్కే కనపడదు. డిస్కు ఫైలుని ఎస్ఎస్‌డీ మీద ఉంచండి, ఎస్ఎస్‌డీ తన డబ్బుకి న్యాయం చేసే చోటు ఇది. తర్వాత గెస్ట్ అడిషన్స్ (వర్చువల్‌బాక్స్ ఇచ్చే డ్రైవర్లు) వేయండి. అవి లేకపోతే మౌస్ ఈడుస్తుంది, తెర తిరిగి గీసుకోవడం నెమ్మదిస్తుంది, ఫైళ్లు పంచుకోవడమూ కుదరదు. ఎక్స్‌పీకి భద్రతా మరమ్మతులు 2014 ఏప్రిల్‌తో ఆగిపోయాయి, అందుకని నెట్‌వర్క్ ఎడాప్టర్‌ని తీసేసి, ఫైళ్లన్నీ షేర్డ్ ఫోల్డర్ మీదుగానే తీసుకోండి.